చల్లని బట్ట

పొద్దు గూకడానికి ఇంకా గంట ఉంది. ఆలోపు శంకరవ్వ నోటి నుంచి ఒక్క మాట రావాలి, పొండి అనో పోవద్దు అనో. ఆ మాట కోసం సాలెవాడ మొత్తం తలుపులు దగ్గరికేసుకుని కూర్చుంది. కుల చావడి ముందు టీకాల జీపు పొద్దున్నుంచి ఎండకు మాడుతోంది, ఉండుండి రెండుసార్లు హారన్ కొట్టి ఊరుకుంటోంది, ఇంతవరకు ఒక్క తల్లి కూడా పిల్లనెత్తుకుని గడప దాటింది లేదు. జీపులో వచ్చినవాళ్ళు దీన్ని మశూచి అంటారు. వాడలో ఆ పేరు ఎవరూ పలకరు. పోచమ్మ తల్లి వచ్చింది అంటారు, ఇంటికొచ్చిన తల్లిని సూది పొడిచి వెళ్ళగొడితే ఊరుకుంటుందా అని చెంపలేసుకుంటారు. ఆ భయాన్ని ఇంటింటికీ తిరిగి పెంచి పెద్ద చేసినవాళ్ళలో శంకరవ్వే ముందు. ఇప్పుడు ఆ శంకరవ్వ బాలలక్ష్మి ఇంటి లోపలి అర్రలో, ఆమె కూతురు ఆరేళ్ళ పోశి పక్కన కూర్చుని వేపరెబ్బతో ఈగలు తోలుతోంది. పిల్ల ఒంటి మీద వేలు పెట్టే సందు లేదు. గోక్కోకుండా రెండు చేతులకూ మెత్తటి గుడ్డ చుట్టి ఉంది. ముందరి అర్రలో చీర తొట్టెలలో పోశి తమ్ముడు కైలాసం నిద్రపోతున్నాడు, ఎనిమిది నెలలవాడు, ఒంటి మీద ఇంకా ఒక్క పొక్కు లేదు. అక్కకు జ్వరం మొదలైన రోజే వాడిని మేనత్త ఇంటికి పంపారు, పాల కోసం ఏడ్చి ఏడ్చి గొంతు పోతుంటే ఈ మధ్యాహ్నమే తిరిగి తెచ్చారు. తేలాల్సింది వాడి సంగతే.

శంకరవ్వ చెయ్యి దాని పని అది చేస్తోంది. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని, దానికి మనసుతో అవసరం లేదు. మనసు మాత్రం పొద్దున దేవదాస్ అడిగిన మాట దగ్గర ఆగిపోయి ఎంత లాగినా కదలడం లేదు. దేవదాస్ అంటే ఆ టీకాలాయన, ముప్పై దాటని మనిషి, చంకలో రిజిస్టరు. ఆమె అంబలి కాచుకుందామని తన గుడిసెకు పోతే, వచ్చీ రాగానే గుడిసె గడప మీద చతికిలబడ్డాడు. ఆ గడప మీద ఎవరైనా కూర్చుని ఎన్నేళ్ళయిందో. పుల్లల పొయ్యి మీద అంబలి ఉడుకుతుంటే ఆ వాసన బాగుందన్నాడు కూడా. అంబలి వాసన బాగుందన్న మనిషిని నమ్మకుండా ఎట్లా ఉంటుంది ఆడది? "అవ్వా, గీ వాడల తల్లి ముందుగాల ఏ ఇంట్లకు వచ్చింది, ఎన్కసీరి ఏ ఇంట్లకు పోయింది, గదంతా నీకే ఎరుకంటున్నరు. జర చెప్పు, రాసుకుంట" అన్నాడు. ఆమె చెప్పింది. గర్వంగా, వేళ్ళు మడుస్తూ చెప్పింది. మొదలు అంతయ్య ఇల్లు, తరువాత అంజన్న ఇల్లు, ఆ తరువాత లచ్చయ్య ఇల్లు, ఇప్పుడు బాలలక్ష్మి ఇల్లు. మరి నువ్వు ఏ ఏ ఇండ్లల్ల ఉన్నవవ్వా అని అడిగాడు. మళ్ళీ అవే వేళ్ళు మడిచింది, అదే వరసలో. నాలుగో వేలు మడిచేసరికి అతని పెన్సిలు ఆగింది. అప్పుడైనా తను ఆగాల్సింది.

"ఒక ఇంట్లకెళ్ళి ఇంకో ఇంట్లకు పొయ్యేటప్పుడు ఏమన్న పట్టుకపోతవా?" అన్నాడు. "ఏం పట్టుకపోను బిడ్డా. మెతుకు గూడ ముట్టను. ఒక్క సల్లని బట్ట తప్ప" అంది. అదేం బట్ట అని అడిగితే, ఇంత చదువుకున్నవాడికి ఇది తెలియదా అని నవ్వొచ్చింది కూడా. సాలెవాడలో ఎవరిని అడిగినా చెబుతారు. తల్లి వచ్చిన పిల్లను ఏ బట్ట మీద పడుకోబెడతారో, పిల్ల బతికి లేచి తలకు నీళ్ళు పోసుకున్న రోజున ఆ బట్టను చాకలికి వెయ్యరు, తగలబెట్టరు. అది చల్లబడిన బట్ట. తల్లి కోపం అందులో చల్లారి ఉంటుంది. దాన్ని ఉతక్కుండా మడిచి శంకరవ్వ తీసుకుపోతుంది, ఇంకా తల్లి రాని ఇళ్ళలో ఒక పూట పరిచి పిల్లల్ని దాని మీద పడుకోబెడుతుంది, వచ్చే తల్లి చల్లగా వచ్చి చల్లగా పోవాలని. పిల్ల పోతే బట్ట పిల్లతోనే మట్టిలోకి పోతుంది. బతికిన పిల్ల బట్ట కోసం మాత్రం ఆడవాళ్ళు పోట్లాడుకుంటారు, మా ఇంట్ల ముందు పరువు అంటే మా ఇంట్ల అని. ఎర్రంచు ముతక బట్ట, వాడలోనే ఏదో ఒక మగ్గం మీద దిగిన బట్ట. ఇప్పుడు పోశి కింద ఉన్నది అంతయ్య కొడుకు లేచిన బట్టే. దాన్ని పద్దెనిమిది రోజుల కింద ఇదే అర్రలో, ఇదే చోట, పోశి కోసం ఒక పూట పరిచింది, జ్వరం వచ్చాక మళ్ళీ అదే తెచ్చి పరిచింది. మొదటిసారి పరిచినప్పుడు, కైలాసం మరీ పసిగుడ్డు, వాడికి ఈసారి వద్దులే అని తనే అంది. ఎందుకన్నదో ఇప్పుడు గుర్తులేదు.

దేవదాస్ రిజిస్టరు మూశాడు. తరువాత మెల్లగా, తన కన్నతల్లితో మాట్లాడినట్టు మాట్లాడాడు. కసిరినా బాగుండేది. "అవ్వా, పొక్కుల మీది చెక్కులు రాలి గా బట్టల ఉంటయి. దాని మీద పండుకున్న పిల్లకు గదే అంటుతది. తల్లి ఇంటింటికి నడుస్తలేదవ్వా. నువ్వు మోస్తున్నవ్." ఆ వెంటనే, నీకు తెల్వదు గదా, నీ తప్పేం లేదు అన్నాడు. శంకరవ్వ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. అంబలి పొంగింది. అతను లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాడు, ఇక అక్కడే పాడు చేశాడు అంతా. "పైసా తీసుకోవు, మెతుకు ముట్టవు. గింత పని ఎందుకు చేస్తవవ్వా?" తల్లి చేయిస్తది బిడ్డా అంది అలవాటుగా. "తల్లి సంగతి గాదు. నిన్ను అడుగుతున్న." నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నవ్వడం లేదు, తప్పు పట్టడం లేదు, తెలియని దారి అడిగినట్టు అడిగాడు. ముప్పై ఏళ్ళలో ఎవరూ అడగలేదు ఆ మాట. అందరూ దండం పెట్టారు, అడగలేదు. పోతూ పోతూ చెప్పాడు, పొద్దు గూకేదాకా జీపు ఉంటుందని, ఈ రోజు అంటిన పిల్లకు ఈ రోజే టీకా పడితే ఆగుతుందని, రేపు తాము మానేరు అవతలి ఊళ్ళకు పోతామని, మళ్ళీ ఎప్పుడొస్తామో దేవుడికే తెలుసని. "సూది ఏపియ్యుండ్రి అంటె ఇనరవ్వా, మా నోళ్ళు నొచ్చినయి. నేనే మోసిన అని నువ్వు చెప్పాలె. గప్పుడు ఉరికొస్తరు" అన్నాడు. ఎంత సులువుగా అన్నాడో.

నీళ్ళు, అంది పోశి. శంకరవ్వ గుడ్డ తడిపి పెదాల మధ్య పిండింది. లోపల నాలుక మీద కూడా పొక్కులే, మింగలేక పిల్ల కళ్ళు పైకి తేలేసింది. ఏడవలేదు. తల్లి ఉన్న ఇంట్లో ఏడవకూడదని ఈ పిల్లకు కూడా చెప్పి పెట్టారు. చెప్పింది ఎవరు, తనే. తనకు యాదవ్వ చెప్పినట్టే. నిజాం కాలం అది, తనకు పంతొమ్మిదేళ్ళు, ఒళ్ళో పాలు తాగే కొడుకు, ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. యాదవ్వ వచ్చి తల దగ్గర కూర్చుంది, మొహమంతా గుంటలున్న ముసలిది, ఒకసారి తల్లి ముట్టినవాళ్ళను మళ్ళీ ముట్టదు గనక ఆ పనికి ఆమే దిక్కు. కొడుకు పోయిన సంగతి తనకు మూడు రోజులు చెప్పలేదు. చెప్పాక ఏడవనియ్యలేదు. ఏడిస్తే తల్లి అలుగుతుంది, నిన్ను కూడా తీసుకపోతుంది అంది. తీసుకపోతే పోనీ అనిపించలేదు తనకు, అదే విచిత్రం, బతకాలనిపించింది, కొడుకు మట్టిలో ఉండగా అంబలి ఇంకొంచెం పొయ్యమని అడిగింది. గుంటలు పడ్డ మొహంతో అత్తింటికి పోతే మొండయ్య, కట్టుకున్నవాడే, గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, లోపలికి పోయి తలుపేసుకున్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఆర్నెల్లకు ఇంకోదాన్ని తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి వాడ చివర గుడిసె, రాట్నం, వాళ్ళకూ వీళ్ళకూ నూలు కండెలు చుట్టిపెట్టడం. కండెలు తీసుకుపోయేవాళ్ళు గడప బయట నుంచే చెయ్యి చాచేవాళ్ళు.

యాదవ్వ పోయేముందు పిలిపించుకుంది. ఏమీ తీసుకోవద్దు అంది, అదొక్కటే చెప్పింది. ఒక్క గింజ తీసుకున్ననాడు నీ చెయ్యి ఉత్త చెయ్యి అయితది, నువ్వు కూలిదానివైతవ్, తల్లివి గావు. అప్పుడు దానికి ఎంత భక్తి అనుకుంది శంకరవ్వ. తరువాత ఎప్పుడో గాని అర్థం కాలేదు, ఆ ముసలిది చెప్పింది ధర్మం కాదు, కిటుకు. గింజ తీసుకున్నవాళ్ళ లెక్క గింజతో తెగిపోతుంది. ఏమీ తీసుకోనివాళ్ళకు ఇల్లంతా ఇయ్యాల్సి వస్తుంది. ప్రాణం పోయేముందు యాదవ్వ కళ్ళు ఒక్కసారి మెరిశాయి, ఎండాకాలం వచ్చిందా అని అడిగింది. ఇంకా రాలేదు అంటే ముఖం అటు తిప్పుకుని పోయింది. మాఘమాసం అది. ఎండలు మొదలైతే గదా తల్లి వచ్చేది, తల్లి వస్తే గదా యాదవ్వను పిలిచేది. పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, చచ్చేముందు కూడా పిల్లల ధ్యాసే అని.

ఎందుకు చేస్తవవ్వా. హారన్ మళ్ళీ రెండుసార్లు మోగింది. మోగనీ, ఇంకా ఎండ గోడ మీదే ఉంది. ఎందుకంటే ఏం చెప్తాం, బిడ్డా దేవదాసూ, నీకు పెండ్లయిందో లేదో, పండుకుంటే పక్కన ఒక మనిషి ఊపిరి వినబడుతుందో లేదో. ఎండాకాలం రెండు నెలలు నేను తల్లిని. మిగతా పది నెలలు శంకరవ్వను. ఆ రెండు నెలలు ఏ ఇంటికి పోయినా తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, ఇంటాయన లేచి నిలబడతాడు, కోడళ్ళు నా కాళ్ళకు నీళ్ళిస్తారు, నేను చెప్పిందాకా పొయ్యి వెలగదు, తాలింపు చిటపటమనదు, మగ్గం కదలదు. పసిపిల్లల్ని నా ఒళ్ళో పెడతారు. దేవదాసూ, నీకు తెలుసా, జ్వరంతో కాలిపోతున్న పిల్లలు ఎంత గట్టిగా పట్టుకుంటారో? నీ మొహం ఎట్లా ఉందో చూడరు. కళ్ళు పూసుకపోయి ఉంటాయి గదా. ఈ పోశి వారం నుంచి నా వేలు వదల్లేదు, వాళ్ళమ్మ పిలిచినా నా వైపే తిరిగింది. బాగైన రోజున ఇదే పిల్ల నన్ను చూసి భయపడి వాళ్ళమ్మ కొంగులో దూరుతుంది. అందరూ అంతే. ముప్పై ఏళ్ళలో నా చేతుల మీద లేచినవాళ్ళు అరవైమంది ఉంటారు, ఒక్కరు ఎదురుపడి పలకరించరు.

బాలలక్ష్మి పెండ్లి గుర్తొచ్చింది, ఈ ఇంటి ముందే పందిరి వేశారు, ఎనిమిదేళ్ళవుతుంది. ఆ ఏడూ అంతకుముందు ఏడూ తల్లి రాలేదు. రెండు ఎండాకాలాలు ఎవరూ పిలవలేదు. అయినా కడిగిన చీర కట్టుకుని పోయి పందిరి గుంజ పక్కన నిలబడింది, అన్నం కోసం కాదు, ఊరికే. పెద్దమనిషి అంబదాస్, కులానికి పెద్ద, చాలా మెత్తగా చెప్పాడు: "శంకరవ్వా, జర పక్కకుండు. కొత్త పెండ్లిపిల్ల ఎదురొస్తది." కొట్టినట్టు లేదు, తిట్టినట్టు లేదు, బండి అడ్డముంటే పక్కకు తోసినట్టు ఉంది. తను పక్కకు జరిగింది. ఇంకొంచెం జరిగింది. జరిగి జరిగి పోచమ్మ గద్దె దగ్గర తేలింది. అక్కడ నిలబడి ఆ సున్నం కొట్టిన రాయికి చేతులెత్తి మొక్కి గట్టిగా అడిగింది, తల్లీ మమ్ముల మరిచినవా, మా వాడ మీద కోపమా, రెండేండ్లాయె, రావా అని. దారిన పోతున్న ఆడవాళ్ళు ఆగి తామూ మొక్కారు. ఆమె ఏమడిగిందో చెవులారా విన్నారు, ఒక్కరికీ ఎక్కలేదు. మరుసటి ఎండాకాలం తల్లి వచ్చింది. నలుగురు పిల్లలు పోయారు. మొదటి కబురు వచ్చిన పూట తను ఎంత తొందరగా చీర మార్చుకుందో, కొంగు ముడి మూడుసార్లు వేసుకోవాల్సి వచ్చింది. అది భయం కాదు. సంతోషం. ఛీ, దీన్ని సంతోషం అనక ఏమంటారు.

తెలియదు గదా నీకు అన్నాడు దేవదాస్. తెలియదా? పోశి మెడ కింద చీము కారి బట్ట మీద మరక కట్టింది, మరక పక్కన అంతకుముందటి మరక, దాని పక్కన ఇంకొకటి, అన్నీ ఒకే రంగుకు వచ్చాయి. పోలీసు చర్య అయిన మరుసటేడు, పద్నాలుగేళ్ళ కింద, ఒకామె నడివాడలో జుట్టు విరబోసుకుని నిలబడి అడిగింది. చంద్రవ్వ. మాట పడనిది, అందరితో గొడవే. "నువ్వు పోయినింటికే తల్లి పోతది, నువ్వు రానింటికి రాదు. గిదేం వరస శంకరవ్వా?" వాడ మొత్తం చెవులు మూసుకుంది. అంబదాస్ అదే సాయంత్రం చావడిలో కులాన్ని కూర్చోబెట్టి చంద్రవ్వ చేత అందరి ముందు చేతులు జోడింపించాడు. అంతటితో ఆగలేదు. తల్లి శాంతించాలంటే ఆమె ఇంట్లోనే ముందు చల్లని బట్ట పరవాలన్నారు. శంకరవ్వది ఎంత పెద్ద మనసు, తిట్టిన ఇంటికే పోయింది అని చెప్పుకున్నారు తరువాత. పోయింది, అవును. అరవిరిసిన మొహంతో పోయింది. బట్టను రెండుసార్లు దులిపి పరిచింది, చంద్రవ్వ ఒక్కగానొక్క కూతురు దాని మీద పడుకుని ఎర్రంచును వేలితో గీసుకుంటూ ఆడుకుంది. పన్నెండో రోజు జ్వరం. తను రాత్రింబగళ్ళు కన్ను మూయకుండా చేసింది ఆ పిల్లకు, ఏ పిల్లకూ చేయనంత చేసింది. చంద్రవ్వ మూలన కూర్చుని తననే చూస్తుంటే, చూడు, నువ్వు నోరు పారేసుకున్నా నేను చేస్తున్న అన్నట్టు చేసింది. జ్వరం వచ్చిన తొమ్మిదో రోజు పిల్ల పోయింది. చంద్రవ్వ ఏడవలేదు, ఏడవనియ్యరు గదా. నెల తిరక్కుండా మొగుడూ పెళ్ళాం భీవండికి పోయారు, మళ్ళీ రాలేదు. ఆ ఏడు వాడలో పదకొండు మంది పిల్లలు పోయారు. అందులో తొమ్మిదిమందివి తను బట్ట పరిచిన ఇళ్ళే, ఆ లెక్క ఇప్పుడు తేలింది. ఆ వరస అప్పుడే ఒకసారి మనసులో లెక్కపెట్టుకుంది శంకరవ్వ. ఐదో ఇంటి దగ్గర ఆపేసింది. పద్నాలుగేళ్ళు ఆ ఐదో ఇంటి దగ్గరే ఆపి ఉంచింది. తెలియదు గదా అంటే, పిచ్చి దేవదాసూ, తెలియకుండా ఉండటానికి ఎంత పని చెయ్యాలో నీకేం తెలుసు.

సరే, ఇప్పుడు చెప్పేస్తే? లేచి నడివాడలో నిలబడి, నేనే మోసిన, నా చేతులతో మోసిన, పిల్లల్ని తీసుకుని ఉరకండి అని అరిస్తే? ఉరుకుతారు. ఇరవై ముప్పైమంది పిల్లలుంటారు వాడలో, అందరికీ పడుతుంది టీకా. తరువాత వెనక్కి తిరిగి నా మీదికి వస్తారు. రాళ్ళతో వస్తారా? రాకపోవచ్చు. సాలోళ్ళు మెత్తనివాళ్ళు, గుడిసెకు నిప్పుపెట్టి ఊరుకుంటారు. అంజన్న పెళ్ళాం, లచ్చయ్య పెళ్ళాం, వాళ్ళంతా తమ తమ ఇళ్ళ ముందు నిలబడి వేళ్ళు మడుస్తారు, నా బిడ్డ, నా కొడుకు అని. అదే గదా అసలైన పని, ఏమీ రాని పని, దండం రాని పని. ముప్పై ఏళ్ళుగా ఊరికే చేస్తున్నానని చెప్పుకున్నాను గదా, ఇదిగో ఇది ఊరికే చెయ్యి చూద్దాం. అబ్బ, అప్పుడు కూడా ఎక్కడో చెప్పుకుంటారేమో, తన మీద వేసుకుని పిల్లల్ని కాపాడింది శంకరవ్వ అని, దేవదాస్ అయినా ఇంకో ఊళ్ళో ఇంకో అంబలి ముందు కూర్చుని చెబుతాడేమో. ఆ తలపుకే ఛాతీ కొద్దిగా పొంగింది. పొంగినట్టు తనకే తెలిసి సిగ్గేసింది. తనలో తవ్వినకొద్దీ అదే వస్తోంది, అడుగున ఇంకేదీ లేదు. పోనీ లేకపోతే లేకపాయె, మనసు కంపు కొట్టినా పిల్లగాడు బతుకుతాడు, టీకాకు నా మనసుతో ఏం పని? ఇంతవరకు ఆలోచన సూటిగానే వచ్చింది. ఇక లేవడమే మిగిలింది. పోశి వేలు పట్టుకుని ఉంది, నిద్రపోయినట్టుంది, ఇప్పుడు లాగితే లేస్తుంది, పట్టు వదిలాక లేద్దాం అనుకుంది. పోశి పట్టు వదిలింది. ఇంకో హారన్ మోగినాక లేద్దాం అనుకుంది.

హారన్ మోగింది. ఈసారి ఆగకుండా మోగింది, వెనకాల దేవదాస్ గొంతు వినబడింది, పోతున్నం, ఆఖరుసారి చెప్తున్నం, ఎవరన్న ఉంటె రాండ్రి అని. తడికె జరిగింది. బాలలక్ష్మి పిల్లవాడిని భుజాన వేసుకుని వచ్చి నిలబడింది. వారం నుంచి దువ్వని తల, కళ్ళ కింద నలుపు, పాలు చేపి రవికె తడిసి ఉంది. మొగుడు వెంకటి షోలాపూర్ మిల్లులో ఉన్నాడు, ఉత్తరం అంది ఉంటుందో లేదో. ఆరు వారాలు పోచమ్మకు పొర్లుదండాలు పెడితే పుట్టిన కొడుకు వీడు. మధ్యాహ్నం నుంచి మూడుసార్లు అడిగింది, ఇది నాలుగోసారి.

"తల్లీ, వీణ్ణి గూడ అక్క పక్కన పండవెట్టనా? గా జీపు పోతున్నది. అందరు నీ మాట కోసమే సూస్తున్నరు. నీ నోటితోని చెప్పు, గంతే."

"వద్దు బిడ్డా" అంది శంకరవ్వ. "పండవెట్టకు. జీపుకాడికి తీస్కపో. సూది ఏపియ్యి. ఉరుకు."

వచ్చేసింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నోట్లోంచి మంచిమాట వచ్చింది, ఒళ్ళంతా తేలికైంది, చూశావా దేవదాసూ అనుకుంది. బాలలక్ష్మి మొహం ముందు పాలిపోయింది. ఒకసారి గుమ్మం వైపు చూసింది, ఒకసారి కొడుకు వైపు చూసింది. ఒక అడుగు అటే వేసింది కూడా. వేసి ఆగింది. నుదుటి మీద ముడత మెల్లగా విడిపోయింది, కళ్ళలో నీళ్ళతోనే నవ్వింది, చిక్కు విడిపోయినవాళ్ళు నవ్వే నవ్వు.

"తెలిసింది తల్లీ. నన్ను పరీక్ష వెట్టి సూస్తున్నవ్. నమ్మి ఉంటనా, సూదికి ఉరుకుతనా అని సూస్తున్నవ్. నేను గంత తెలివి తక్కువదాన్ని గాదు. నా పిల్ల నీ చేతుల్ల ఉన్నంక నేను ఎవ్వని జీపెన్క ఉరుకుత?"

ఆ మాటతో అలాగే మోకాళ్ళ మీద కూలబడి, ఒక చేత్తో పిల్లవాడిని పట్టుకునే, నుదురు తెచ్చి శంకరవ్వ పాదాల మీద పెట్టింది. జీపు ఇంజను స్టార్టయింది. శంకరవ్వ నాలుక మీద రెండు మాటలున్నాయి, నేనే మోసిన, అంతే, అవి అంటే చాలు, ఇది పరీక్ష కాదని అర్థమవుతుంది, బాలలక్ష్మి లేచి జుట్టు పీక్కుంటూ ఉరుకుతుంది, వెనకాల వాడంతా ఉరుకుతుంది. నోరు తెరిచింది. పగిలిన పాదాల మీద నుదురు వెచ్చగా ఉంది. కన్నీళ్ళు పగుళ్ళలోకి దిగి చురుక్కుమంటున్నాయి. ఒంట్లో జ్వరం లేని మనిషి, కళ్ళు తెరిచి ఉన్న మనిషి, తన మొహం ఎట్లా ఉంటుందో తెలిసిన మనిషి తనను ముట్టుకుని ఎన్నేళ్ళయింది? మొండయ్య తలుపేసుకున్ననాటి నుంచి లేదు. ఈ నుదురు లేపితే మళ్ళీ రాదు. ఒక్క ఊపిరి, ఇంకొక్కటి, ఉండనీ, చెప్తాను, జీపు మలుపు తిరిగేలోపు అరిస్తే వినబడుతుంది, డ్రైవరు ఆపుతాడు. జీపు వాడ చివర మలుపు తిరిగింది. మానేరు దారిలో మెరక ఎక్కేటప్పుడు గేరు మారుస్తారు గదా, అప్పుడైనా అందుతుంది, గట్టిగా ఉరికే ఆడది అందుకోగలదు. గేరు మారింది. తరువాత దాని చప్పుడు వినబడలేదు. బాలలక్ష్మి ముక్కు చీదుకుని లేచింది, మొహం తేటపడి ఉంది, గండం గడిచిన మొహం.

గోడ అవతల తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు, ఆడవాళ్ళ గొంతులు, పోయినరు పోయినరు అని నవ్వులు. ఎవరో వాకిట్లో నుంచి కేకేశారు, తల్లీ, రేపు మా ఇంట్ల గూడ ఒక పూట బట్ట పరువాలె అని. బాలలక్ష్మి కొడుకు ఒంటి మీది అంగీ విప్పి, మొలతాడు సర్ది, వాడిని తెచ్చి అక్క పక్కన ఎర్రంచు బట్ట మీద పడుకోబెట్టింది. వాడు కాళ్ళు ఆడించాడు, చేతికందిన వేపరెబ్బను నోట్లో పెట్టుకుని చేదుకు మొహం వికారంగా పెట్టి, మళ్ళీ శంకరవ్వను చూసి నవ్వాడు. ఆమె మొహానికి భయపడలేదు. వీపు కింద బట్ట మడతపడి వాడికి ఒత్తుకుంటోంది. శంకరవ్వ వంగి, వాడిని కొద్దిగా పైకెత్తి, ఆ మడత చేత్తో మెత్తగా సాపు చేసి, మళ్ళీ పడుకోబెట్టింది.

"తల్లి సల్లగ సూస్తది బిడ్డా" అంది.